మూడో రికార్డులో వాన

మొన్న ఆదివారం మా మనవరాలు, జడ్చర్లలో చిన్నపిల్లలకు డాన్సు నేర్పే పిల్ల, బడి పండుగకు ఏదో విదేశీ వాద్యాల సంగీతం కావాలని ఫోను పట్టుకొని వచ్చి నా మంచం మీద కూర్చుంది. ఒక్క పేరు కొట్టగానే అదే సంగీతాన్ని పదిహేను మేళాల వాళ్ళు వాయించినవి వరుసగా పడ్డాయట. రెండు నిమిషాలు కూడా చూడకుండానే, "అన్నీ ఒక్కటే గద నానమ్మా, పైనున్నది పెడ్త" అన్నది. తమలపాకు తుడుచుకుంటున్న నా చెయ్యి ఆగింది. "ఒక్కటెట్లయితయి బిడ్డా, వాయించినోళ్ళు వేరైనంక?" అన్నాను. అది నవ్వింది. "గీ బ్యాలే సంగతి నీకేమెరుకనే?" అని నా బుగ్గ గిల్లి, పైనున్నదే పెట్టుకొని పోయింది. మూడో తరగతితో చదువు ఆపేసిన ముసలిదానికి తెలిసే సంగతేనా ఇది, దాని తప్పేముంది. కానీ నాకు ఎరుకే. అమెరికా వాళ్ళు తమ బ్యాలే ఆటకు వాయించిన ఒకే సంగీతాన్ని మూడు రికార్డుల మీద విని, అందులో ఏది మంచిదో తేల్చే పనిలో నేనూ కూర్చున్నాను, ఇదే పాలమూరు పట్నంలో, నా ఇరవయ్యో ఏట. ఆ తేల్చడంలో ఓడిపోయి ఎంత కుళ్ళుకున్నానో మాత్రం ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. నా ఈడు వాళ్ళు చదువుతారని ఇప్పుడు చెప్తున్నాను.

మా పుట్టిల్లు నకిరేకల్ దగ్గర. మా వీధి పొడుగునా మగ్గాలే. పొద్దున లేచేసరికి పోగు మోసే నాడె అటూ ఇటూ ఉరికే చప్పుడు, పోగును బిగించే పన్నె దెబ్బ చప్పుడు, ఇంటింటికీ ఒక తీరు. అవి వింటూనే మేము ముఖం కడుక్కునేవాళ్ళం. కళ్ళు మూసుకొని వింటే ఏ మగ్గం మీద ఎవరు కూర్చున్నారో చెప్పేదాన్ని. మా మేనత్త దెబ్బ కొట్టిందంటే వెంటనే చిన్న ఆగుడు ఉండేది, ఆమెకు మోకాలి నొప్పి. మా బాపు దెబ్బ మాత్రం పొద్దున ఎట్లా ఉండేదో పొద్దుమూకినా అట్లానే ఉండేది. ఆయన ఒక చీరను వెలుతురుకు అడ్డంగా పట్టుకొని, నేసింది ఎవరో, నేసేటప్పుడు ఆ మనిషి మనసు ఎక్కడ చెదిరిందో కూడా చెప్పేవాడు. ఒకే నమూనా, ఒకే రంగు, ఒకే నూలు అయినా ఇద్దరు నేస్తే రెండు చీరలే అనేవాడు. బడిలో నేను నేర్చుకున్నది కొంచెమే కానీ, బాపు పక్కన కూర్చొని వెలుతురులో బట్టను చూడడం మాత్రం బాగా నేర్చుకున్నాను. పాలమూరికి కోడలిగా వచ్చినప్పుడు నేను తెచ్చుకున్న విద్య ఇదొక్కటే.

మా ఇంటాయన సర్కారు ఆఫీసులో జీపు నడిపేవాడు. అరవైలు మొదలైన కొత్తలో, పంతులమ్మలకు ట్రైనింగు ఇచ్చే ఆడపిల్లల బడిలో ఆటలు, డ్రిల్లు, డాన్సు నేర్పడానికి అమెరికా నుంచి ఒకామె వచ్చింది. రెండేళ్ళు ఉండి పోతుందన్నారు. ముప్పై ఏళ్ళుంటాయేమో, పొడుగు మనిషి, మగవాళ్ళలా పెద్ద పెద్ద అంగలు వేసేది. ఆమెను స్టేషను నుంచి తీసుకొచ్చింది మా ఆయన జీపులోనే. వండిపెట్టడానికి మనిషి కావాలంటే నన్ను చెప్పాడు. ఊళ్ళో అందరిలాగే నేనూ ఆమెను దొరసాని అన్నాను, ఆమె వద్దన్నా మానలేదు. ఒక ముస్లిముల ఇంట్లో సగభాగం కిరాయికి తీసుకొని ఉండేది. ఆ ఇంటి పెద్దావిడను అందరం ఖాలా, అంటే పిన్నమ్మా, అనేవాళ్ళం.

దొరసాని సామానులో అన్నిటికన్నా బరువైన పెట్టెలో రికార్డులు ఉన్నాయి, ఒక నలభై దాకా. వాటి వెంట కరెంటుతో తిరిగే చిన్న పెట్టె. మా వైపు పెళ్ళిళ్ళలో తాళం తిప్పి పెట్టే గ్రామఫోన్లు చూశాను కానీ ఇది వేరు, ముల్లు మెత్తగా వాలేది. మొదటిరోజు ఆమె పెట్టిన సంగీతం విని నాకు తలనొప్పి వచ్చింది. మాట లేదు, పాడే గొంతు లేదు, వంద వాద్యాలు ఒక్కసారి లేచి ఒక్కసారి పడిపోతున్నాయి. ఇది బ్యాలే, అంటే మాటలు లేకుండా వాద్యాల మీద ఆడి చెప్పే కథ అని ఆమె తనకొచ్చిన తెలుగులో, సగం చేతులతో, సగం కాళ్ళతో చెప్పింది. నెల తిరిగేసరికి తలనొప్పి పోయింది. రెండో నెలకు పప్పు ఎనుపుతూ ఆ తాళానికే తెడ్డు తిప్పడం నేనే గమనించి నవ్వుకున్నాను. అవతలి భాగం నుంచి ఖాలా, "ఏందే, మీ దొరసాని ఇంట్ల దినాం బరాతేనా, మా కోళ్ళు గుడ్లు పెడ్తలేవు" అనేది. అన్నదే గానీ, రికార్డు ఆగితే నడిమి తలుపు దగ్గరకు వచ్చి, "అయిపోయిందా" అని అడిగేది కూడా ఆమే.

ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ రాని నేను ఆ నలభై రికార్డుల్లో ఏది ఏదో ఎట్లా గుర్తుపట్టానో చెప్పాలి. దుమ్ము తుడిచేటప్పుడు ఒకరోజు రికార్డును అలవాటు కొద్దీ కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టాను, చీరను పట్టినట్టే. చూస్తే ఆ నలుపంతా ఒక్క నలుపు కాదు. వాద్యాలన్నీ గట్టిగా మోగే చోట గీతలు కదిలి బూడిదరంగులో మెరుస్తున్నాయి, మెత్తగా వాయించే చోట చిక్కటి నలుపు. ఏ రికార్డు చారలు ఆ రికార్డువే, ఏ నేతగాడి అంచు ఆ నేతగాడిదే అయినట్టు. పది రోజుల్లో నలభైనీ పట్టేశాను. ఆమె ఒక రికార్డు పేరు సగం చెప్పేలోపల నేను పెట్టెలోంచి సరైన రికార్డు తీసి పెట్టేదాన్ని. ఒకసారి పరీక్ష చేద్దామని నాలుగింటిని పైనుండే అట్టలు తీసేసి కలిపి ఇచ్చింది. వెలుతురుకు పట్టి, ఇది గుర్రాలు ఉరికేది, ఇది మంచులో ఆడేది, ఇది పెళ్ళిది, ఇది ఏడుపుది అని వేరు చేసి పెట్టాను. ఆమె నోరు తెరిచి నన్నే చూస్తూ నిలబడిపోయింది. నా బతుకులో ఒకరు నన్ను అట్లా చూడడం అదే మొదలు. అత్తగారింట్లో రొట్టె బాగా చేసినా అటువంటి చూపు దొరకలేదు.

ఆ ఒక్క ఏడాదీ నాది. ఏ పూట ఏ రికార్డు పెట్టాలో నేనే చెప్పేదాన్ని. ఆమె అలసి వస్తే ఒకటి, ఉత్తరం వచ్చిన రోజు ఒకటి, ఎండ మండిపోతుంటే మంచులో ఆడేది. ఇంటికి పోయాక మా అత్తమ్మకు చెప్పబోతే, "కూర మాడకుంట సూస్కో, రికార్డు కడుపు నింపదు" అనేది. అన్నా నాకు నొప్పి తెలిసేది కాదు.

తర్వాతి ఏడు మా మరిదికి పెళ్ళయి యారాలు వచ్చింది. కొత్తకోటలో బట్టల దుకాణం వాళ్ళ అమ్మాయి, నాకంటే రెండేళ్ళు చిన్న, ఎనిమిదో తరగతి చదివింది. తెల్లగా, సన్నగా, మాట్లాడితే పక్కవాళ్ళకే వినపడేంత మెల్లగా ఉండేది. దొరసాని ఇంట్లో పని ఎక్కువైందని నేనే ఒకరోజు ఇంట్లో అన్నాను, ఆ ఒక్క మాటకు ఇప్పటికీ నా నాలుక కొరుక్కుంటాను. మా అత్తమ్మ మరునాడే చిన్న కోడలిని నా వెంట పంపింది. పంపుతూ ఒక మాట అన్నది: "దేవుడు పెద్దదానికి చేతులిచ్చిండు, చిన్నదానికి తెలివిచ్చిండు. ఇద్దరు గలిస్తె ఒక మనిషి పని గాదా?" వాకిట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. యారాలు మాత్రం నవ్వలేదు. "అక్కకు రెండూ ఉన్నయి అత్తమ్మా" అన్నది. మంచిది కాబట్టి అన్నదని అనుకుంటే సరిపోయేది. పైకి కనపడడానికి అన్నదని అనుకున్నాను.

అసూయ పెద్ద సంగతులతో రాదు. మసాలా డబ్బాల మీద యారాలు కాగితం ముక్కలు అంటించి పేర్లు రాసింది. అప్పటిదాకా వాసన చూసి తీసే నేను, నా వంటింట్లోనే పరాయిదాన్ని అయినట్టనిపించి, ఆమె లేనప్పుడు రెండు కాగితాలు తడిచేత్తో చెరిపేశాను. దొరసాని నన్ను మొదటి నుంచీ అమ్మా అనే పిలిచేది, బజారులో కూరగాయలమ్మే ఆవిడనూ అమ్మా అనేది. యారాలిని మాత్రం పేరు పెట్టి పిలిచింది, అదీ నాలుగో రోజునే. ఇద్దరూ అట్టల వెనక రాసి ఉన్న కథలు చదువుతూ కూర్చునేవాళ్ళు, యారాలు వేలు పెట్టి అక్షరాలు కూడబలుక్కుంటుంటే దొరసాని పకపకా నవ్వుతూ సరిచేసేది. నేను పొయ్యి దగ్గర నుంచి ఆ నవ్వులు లెక్కపెట్టేదాన్ని. నాతో ఉన్నప్పుడు ఆమె ఆశ్చర్యపోయేది, యారాలితో ఉన్నప్పుడు నవ్వేది. ఆశ్చర్యం రోజూ ఉండదు కదా, నవ్వు రోజూ ఉంటుంది. నా చెవి ముందు ఈమె చదువెంత అని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఆ ధైర్యమొక్కటే మిగిలింది.

అది కూడా పోయే రోజు వచ్చింది. దొరసాని వెళ్ళిపోవడానికి నాలుగు నెలల ముందు, బడి వార్షికోత్సవంలో హాస్టలు పిల్లలతో ఒక బ్యాలే ఆడిస్తానన్నది. ఆమె ఎంచుకున్న కథ బాయి తవ్వే కథ. వాళ్ళ దేశంలోనూ మా పాలమూరు లాంటి ఎండు నేలలు ఉన్నాయట. ఊరంతా కలిసి బాయి తవ్వుతారు, నీళ్ళు పడవు, చివరికి పారలు కింద పడేసి నిలబడిపోయినప్పుడు వాన వస్తుంది, అంతే కథ. మా పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది, తవ్వి నీళ్ళు పడని బాయి లేని ఊరు నుంచి ఒక్క పిల్లా రాలేదు. అయితే ఆ సంగీతం దొరసాని దగ్గర మూడు రికార్డుల మీద ఉంది, మూడు ఊర్ల మేళాలు వాయించినవి, అప్పటిదాకా మాకు వినిపించనివి. ఒకటి తేల్చుకుంటే పిల్లలకు దాని మీదే నేర్పాలి. మేమిద్దరం విని చెప్పాలని అడిగింది.

దాంతోపాటు ఇంకో సంగతీ చెప్పింది. తను పోతూ ఆ కరెంటు పెట్టెనూ రికార్డులనూ బడికే ఇచ్చి పోతుందట. వాటిని చూసుకోవడానికి, ఆటసామాను కాయడానికి హాస్టలులో ఒక ఆడమనిషిని కొలువుకు తీసుకోవడానికి పెద్ద టీచరమ్మ ఒప్పుకుందట. వార్షికోత్సవం రోజు పెట్టె దగ్గర ఎవరు నిలబడతారో వాళ్ళనే తీసుకుంటారు. సర్కారు కొలువు. నాకు కావాల్సింది జీతం కాదు. పొద్దున లేచి నాదని ఒక పనికి పోవడం, అక్కడ ఆ నల్లటి రికార్డులు నా చేతి కింద ఉండడం, అత్తమ్మ ముందు నా చేతులకు కూడా తెలివి ఉందని తేలడం. ఆ రాత్రి ఇంటాయనకు చెబితే, "నీకు గాక ఎవరికిస్తరే" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం తలుపులు దగ్గరగా వేసి మూడూ వినిపించింది. మొదటిది కొత్త రికార్డు, అద్దంలా మెరుస్తుంది. ముల్లు పెట్టగానే తెల్లవారి మా వీధి మగ్గాలన్నీ ఒక్కసారి మొదలైనట్టు వాద్యాలన్నీ లేచాయి. తవ్వుడు దరువు గుండెల మీద పడింది, వాన ఉరిమి మీద పడింది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. రెండోది సాగదీసినట్టుంది, అది మా ముగ్గురికీ నచ్చలేదు. మూడోది పాతది, గీరలు పడి చిటపటలాడేది. తవ్వుడు అందులో మెల్లగా, అలసిపోయిన వాళ్ళు తవ్వినట్టు సాగింది. వానకు ముందు ఒకచోట అన్నీ ఆగిపోయాయి. రికార్డు చెడిపోయిందేమోనని నేను లేవబోయాను కూడా. అప్పుడు ఎక్కడో ఒక్క పిల్లనగ్రోవి లాంటిది మూలిగింది, తర్వాత చినుకులు.

నేను ఆలోచించలేదు. మొదటిదే అన్నాను, దరువు చూడమన్నాను, మూడోది అరిగిపోయిందన్నాను. దొరసాని తల ఊపి యారాలి వైపు తిరిగింది. యారాలు చీర కొంగు వేలికి చుట్టుకుంది. మూడోది ఇంకొకసారి పెట్టమన్నది. విన్నాక నా వైపు చూసి, దొరసానికి కాదు, నాకే చెప్పింది. "ఇండ్ల వాన ఆగి వస్తది అక్కా. మన దిక్కు గట్లనే గదా వచ్చేది. ముందుగాల గాలి బందయితది, ఆకు గూడ కదలదు, వస్తదా రాదా అని అందరు మీదికి సూస్తరు. మొదటిదాంట్ల వాన మనకోసం తయారుగ నిలబడ్డట్టున్నది." దొరసానికి ఆ మాటల్లో సగమే అర్థమై ఉంటుంది, అయినా చెయ్యితో తొడ చరుచుకొని లేచి నిలబడింది. అదే, అదే అన్నది. తను ఏడాదిగా చెప్పలేకపోయింది అదేనన్నది.

ఆ నల్లచారను నేను అంతకుముందే వందసార్లు చూశాను. మూడో రికార్డును గుర్తుపట్టేదే దాంతో, చివరి వైపు వేలెడు వెడల్పున చిక్కటి నలుపు. కంటితో చూసినదాన్ని చెవితో వినలేదు. మగ్గాల వీధి నుంచి, మేనత్త ఆగుడు విని ఆమె మోకాలి నొప్పి కనిపెట్టే ఇంటి నుంచి వచ్చినదాన్ని నేను, ఆ ఆగుడు విని రికార్డు చెడిపోయిందనుకున్నాను. బట్టల దుకాణంలో బేరం చేసే వాళ్ళ ఇంటి పిల్ల దాన్ని విన్నది. చదువు వల్ల గెలిస్తే ఓర్చుకునేదాన్ని. నా విద్యలోనే నన్ను గెలిచింది.

పెట్టె దగ్గర యారాలు నిలబడుతుందని దొరసాని అదే రోజు చెప్పేసింది. వార్షికోత్సవం దాకా ఆ రెండు నెలలు నేను మనిషిలా లేను. పిల్లలకు నేర్పేటప్పుడు యారాలు ముల్లు పెట్టేది, నేను అందరికీ చాయ పోసేదాన్ని. పదిహేను మంది ఆడపిల్లలు పారలు కింద పడేసి, ఆకాశం వైపు చూస్తూ, ఆ ఆగుడు మధ్య పన్నెండు లెక్కపెట్టేవాళ్ళు, పెదాలు కదులుతుంటే నేనూ లోపల లెక్కపెట్టేదాన్ని. ఇంట్లో యారాలు అక్కా అంటే ఊఁ అనేదాన్ని. "ఏమయిందక్కా, గట్ల ఉంటున్నవ్?" అని రెండుసార్లు అడిగింది. తలనొప్పి అన్నాను.

వార్షికోత్సవం నాటి పొద్దున రికార్డులను బడికి పంపడానికి పెట్టెలో సర్దుతున్నది నేనే. ఇల్లంతా ఖాళీ, అందరూ పిల్లల ముస్తాబుకు పోయారు. నా చేతులు నన్ను అడగకుండానే పని చేశాయనిపిస్తుంది ఇప్పటికీ, కానీ అది అబద్ధం, నేను తెలిసే చేశాను. మొదటి రికార్డును మూడోదాని అట్టలో పెట్టాను, మూడోదాన్ని మొదటిదాని అట్టలో. యారాలు అట్ట మీది పేరు చదివి రికార్డు తీస్తుంది, నా అంత కన్ను ఆమెకు లేదు. పిల్లలు ఆకాశం వైపు చూస్తూ ఒకటి రెండు అని లెక్కపెట్టే లోపలే వాన మీద పడుతుంది, ఆట చెడిపోతుంది, పెట్టె దగ్గర నిలబడినామె చెడగొట్టిందంటారు. ఇంతవరకే ఆలోచించాను. అందరి ముందు నవ్వులపాలయ్యేది ఆ పదిహేను మంది పిల్లలని నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఆగేదాన్నని చెప్పుకోవాలని ఉంది కానీ, చెప్పలేను.

బడి ఆవరణలో షామియానా, కుర్చీలు, ఊళ్ళో పెద్దింటి ఆడవాళ్ళందరూ. ఖాలా కూడా బురఖాలో వచ్చి నా పక్కనే కూర్చుంది, ఇటుపక్క మా అత్తమ్మ. దొరసాని తెర వెనక పిల్లలతో ఉంది. పెట్టె వేదికకు ఒక మూల బల్ల మీద, దాని దగ్గర యారాలు, ఆకుపచ్చ చీరలో. ఆమె మూడోదాని అట్ట తీసింది, రికార్డు బయటికి లాగింది, పెట్టె మీద పెట్టబోయి ఆగింది. రికార్డు నడుమ గుండ్రటి కాగితం ఉంటుంది చూశారా, అందరికీ తెలిసిందే కదా. నాకు తెలియదు. అంటే చూశాను, రోజూ చూశాను. మిల్లు బట్టకు రంగు కాగితం అంటించినట్టు అది అందానికో, కంపెనీ గుర్తుకో అనుకున్నాను. దాని మీద కూడా అట్ట మీదున్న మాటలే, వాయించిన మేళం పేరుతో సహా రాసి ఉంటాయని, చదువుకున్న వాళ్ళకు అట్ట పోయినా ఫికరు లేదని నాకు ఎవరు చెప్పారు, నేను ఎవరిని అడిగాను.

యారాలు ఆ కాగితం చూసింది. అట్ట చూసింది. తర్వాత తల ఎత్తి, అంతమంది ఆడవాళ్ళలో తిన్నగా నన్ను చూసింది. అరనిమిషం కూడా ఉండదు ఆ చూపు. అందులో కోపం ఉంటే నాకు బాగుండేది. పిల్లవాడు చెయ్యి కాల్చుకుంటే తల్లి చూసినట్టు చూసింది. పక్కనే మా అత్తమ్మ, "ఏం జేస్తాంది అది, పెట్టదేంది?" అంటున్నది. ఖాలా, "ఠైరో జీ, చిన్నపిల్ల, భయపడ్తాంది" అన్నది. యారాలు ఆ రికార్డును పద్ధతిగా అట్టలో పెట్టి, ఇంకో అట్ట తెరిచి, సరైనదాన్ని తీసి ముల్లు వాల్చింది.

చిటపటల నడుమ తవ్వుడు మొదలైంది. పిల్లలు తవ్వారు. నేను తల ఎత్తలేదు, నా కాళ్ళ దగ్గర దుమ్మును చూస్తూ కూర్చున్నాను. వాద్యాలన్నీ ఆగిపోయినప్పుడు మాత్రం ఎత్తాను. ఒక్క పిల్లా కదలలేదు. షామియానా కింద ఒక్కరు దగ్గలేదు. రెండేళ్ళుగా వాన లేని జిల్లా, అందరూ నిజంగానే పైకి చూస్తున్నారు. మా అత్తమ్మ కూడా పైకి చూసింది, షామియానా బట్టను. అప్పుడు ఆ పిల్లనగ్రోవి మూలిగితే ఖాలా నా మణికట్టు పట్టుకొని గట్టిగా నొక్కింది. యారాలు సరిగ్గా చెప్పింది. ఆ రికార్డు తప్ప ఇంకేదీ కాదు. అది నాకు ఆ క్షణంలో మగ్గం చప్పుడు తెలిసినంత తేటగా తెలిసింది, తెలిసినందుకు ఇంకా మంట పుట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో మేమిద్దరమే. అడుగుతుందని ఒళ్ళు బిగబట్టుకొని కూర్చున్నాను. చాలా దూరం వచ్చాక, "అట్టలు అటీటయినయి అక్కా" అన్నది. "రేపు జర సరిజేస్త, దొరసాని సూస్తె నన్నంటది." ఇంకొంచెం దూరం పోయాక మళ్ళీ అన్నది. "నేనంటె కాయిదం సూసి పట్టిన. కాయిదం లేకుంటె నాతోని కాదు. నువ్వు గీతలు సూసి ఎట్ల పడ్తవో నాకొకసారి సూపియ్యవా? ఎన్నిసార్లు ఎండకు పెట్టి సూసుకున్ననో, నాకంత నల్లగనే కొడ్తది." అప్పుడు తెలిసింది, నేను చాయ పోస్తుంటే ఆమె కూడా నా చేతుల వైపు చూస్తుండేదని. ఇప్పుడైతే ఆ మాటకు ఏడుస్తానేమో. అప్పుడు నాకు అనిపించింది ఒక్కటే, ఇదొక్కటి కూడా తీసుకుంటుందా అని. "గది సూపిస్తె వచ్చేది గాదు" అన్నాను. ఆమె సరే అన్నది.

కొలువు యారాలికే వచ్చింది. దొరసాని పోయేరోజు నా రెండు చేతులూ పట్టుకొని ఏదో చెప్పింది, యారాలు దాన్ని తెలుగులో చెప్పబోతే నాకు అర్థమైందన్నాను, కాలేదు. తర్వాత ఆమె ఏమన్నదో యారాలిని అడగడం నా వల్ల కాలేదు.

హాస్టలులో యారాలు ముప్పై ఏళ్ళకు పైగా పని చేసింది. పిల్లలు ఊళ్ళకు పోయిన ఆదివారాలు నన్ను పిలిచేది. "రా అక్కా, ఎవ్వరు లేరు, వింటువు గని" అని ఇంటికి కబురు పంపేది. పోయేదాన్ని. నా చేతులు ఆ రికార్డుల మీద పడకుండా నేను ఉండలేకపోయేదాన్ని. ఆ గదిలో వెలుతురు బాగా వచ్చే కిటికీ దగ్గర నాకు ముక్కాలి పీట వేసి, తను నేల మీద కూర్చొని, ఏది పెట్టమంటవు అని అడిగేది. పెళ్ళిది అనేదాన్ని, గుర్రాలది అనేదాన్ని. బాయిది వినాలనిపిస్తే మొదటి రికార్డు అనేదాన్ని. ప్రతిసారీ మొదటిదే. ఆమె ఒక్కసారి కూడా నవ్వలేదు, మూడోది పెట్టనా అని అడగలేదు, మొదటిదే పెట్టేది. ఆ ఉరిమే వాన వింటూ ఇద్దరం ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం, అది తప్పు వాన అని ఇద్దరికీ తెలిసి. పోను పోను ఆ పెట్టెకు ముల్లు దొరకడం మానేసింది. అట్టలను చెదలు తిన్నాయి. హాస్టలు వేరే జాగాకు మారినప్పుడు రికార్డులు ఏమైనాయో యారాలికే తెలియలేదు.

పోయిన చలికాలంలో దవాఖానలో యారాలు కన్నుమూసింది. చివరి రోజుల్లో నేను పక్కన కూర్చొని చాలా మాట్లాడాను, మా అత్తమ్మ కోపాలు, ఖాలా కోళ్ళు, అన్నీ. అట్టల సంగతి మాత్రం నోటి దాకా వచ్చి మళ్ళీ లోపలికి పోయింది. చెప్పాల్సిన పనే లేదు, ఆమెకు తెలుసు. చెప్పనందుకు నేను అంత బాధపడడం లేదు కూడా. అన్ని ఆదివారాల్లో ఒక్క ఆదివారం, మూడోది పెట్టవే అని అడగలేకపోయానే, అదే నన్ను తింటున్నది. అడిగితే నువ్వు గెలిచినవు అని ఒప్పుకున్నట్టవుతుందని అడగలేదు. ఆ ఒక్క మాట కోసం ఆమె ఎదురు చూసిందో లేదో కూడా నాకు తెలియదు.

ఇప్పటి పిల్లలకు ఏది వినాలన్నా ఎవరినీ అడిగే అవసరం లేదు. అది మంచిదే, అడగడంలో చిన్నతనాలు చాలా ఉంటాయి. మా కాలంలో సంగీతమైనా ఒక మనిషి చేతి మీదుగానే చెవికి వచ్చేది. ఆ చేతి మనిషి గిట్టకపోతే సంగీతాన్నే వదులుకునేవాళ్ళం. నేను వదులుకున్నాను.